నవలలో చనిపోయిన తమ్ముడు

మా అమ్మ పుట్టిల్లు ఉదయగిరి. ఆమె పెళ్లికి ముందు ఒక వారపత్రికలో జానపద నవల సీరియల్‌గా వచ్చేది. వారం వారం ఆ పేజీలు చించి దాచుకుని, చివరికి దారంతో కుట్టి, ఆత్మకూరు కాపురానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది. మా చిన్నతనంలో నన్నూ తమ్ముణ్ణీ చెరోపక్క పడుకోబెట్టుకుని అదే చదివి వినిపించేది.

జబ్బుపడిన తల్లి కోసం ఇద్దరు అన్నదమ్ములు మాంత్రికుడి కోటకు మందు తేవడానికి పోతారు. చిన్నవాడు అక్కడే చనిపోతాడు. పెద్దవాడు తెచ్చిన మందుతో తల్లి బతుకుతుంది. మరునాడు పొద్దున లేచి పొయ్యి వెలిగిస్తుంది. కథ అక్కడితో అయిపోతుంది.

మా తమ్ముడికి ఆ ముగింపు గిట్టేది కాదు. "ఆ మందు చిన్నోడి నోట్లోనే పొయ్యొచ్చు గదా" అని అమ్మతో పోట్లాడేవాడు. ఇంటికి ఆనుకునే ఉన్న మా దుకాణంలో లెక్క చూసుకుంటూ నాయన వినేవాడు.

పెరిగి పెద్దవాడై, దుకాణం పని మీద బద్వేలు వెళ్లి బండి మీద తిరిగి వస్తూ, మర్రిపాడు దగ్గర లారీ కింద పడి తమ్ముడు పోయాడు.

కర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. అమ్మ ఆ నవల తీసింది. చివరి పేజీలు మాత్రమే, మళ్లీ మళ్లీ చదివేది. ఎందుకమ్మా అంటే, "ఈమె ఎట్ట లేసిందో చూస్తాండా పాపా" అంది. కొన్నాళ్లకు తనూ లేచింది. వంట మొదలుపెట్టింది.

ఆ నవలను వెబ్ సిరీస్‌గా తీశారని ఈమధ్య తెలిసింది. మా అత్తగారిల్లు రెండు వీధుల అవతలే. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మా నాయనల ఇంటికి పోయి, అమ్మ సంతోషిస్తుందని టీవీలో పెట్టాను. కోట చుట్టూ మంచుకొండలు చూసి అమ్మ మొహం చిట్లించింది. "మాకు ఉదయగిరి కొండే ఆ కోట. మంచు యాడిది?" అంది. అయినా వదలకుండా చూసింది. నాలుగు ఆదివారాలు అలా సాగాయి, నాయనా పక్కనే కూర్చుని చూసేవాడు.

చివరి భాగంలో చిన్నవాడు పడిపోయాడు. పెద్దవాడు వాడి నోట్లో మందు పోశాడు. వాడు కళ్లు తెరిచాడు. సంగీతం పెరిగింది. తల్లికీ జబ్బు దానంతటదే నయమైపోయింది. ముగ్గురూ కావలించుకున్నారు.

అమ్మ లేచి లోపలికి పోయింది. నేను వెనకే వెళ్లాను.

"చచ్చిపోయినోడు ఎట్ట లేసినాడు? రాసినాయన అట్ట రాయలా," అంది. మళ్లీ తనే, "తీసినోళ్ల ఇంట్లో ఎవురూ పోయుండరు" అంది.

ముందు గదిలోకి తిరిగి వస్తే నాయన ఏడుస్తున్నాడు. తమ్ముడు పోయిన రోజు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. "మళ్లా పెట్టు పాపా, ఆ పిల్లోడు లేసే కాడ నుంచి" అన్నాడు.

అమ్మ లోపలి నుంచే, "పెట్టొద్దు. అది కత కాదు" అంది.

"చిన్నప్పుడు వాడు అడిగిందే గదా తీసినారు," అన్నాడు నాయన.

టీవీ కట్టేశాను. మర్నాటికల్లా ఆయన దుకాణం కుర్రాడి చేత ఆ సిరీస్ ఫోన్‌లో పెట్టించుకున్నాడు. గిరాకీ లేనప్పుడల్లా ఆ ముక్క ఒక్కటే చూస్తాడు. అమ్మ అన్నం పెట్టడానికి పిలుస్తుంది. ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి, వినపడదు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గిపోయింది.

మొన్న వెళ్లేసరికి నవల బీరువా పైన, పాత బట్టల కింద కనిపించింది. చదవడం లేదా అని అడిగాను.

"తీసినాను. చిన్నోడు పడిపోయే కాడికి వచ్చేసరికి ఆ సినిమా పిల్లోడి మొకమే కనపడతాండాది," అంది అమ్మ. "ముందైతే మనోడు కనపడేవాడు."