ఆడవాళ్ళ వార్డుకు లాగిన తీగ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, మిలిటరీవాళ్ళు వదిలించుకున్న సామాన్లలో ఒక సినిమా ప్రొజెక్టరు మదనపల్లె ఊరి బయట ఉన్న క్షయ ఆసుపత్రికి వచ్చి చేరింది. దాన్ని నడిపే పని నా నెత్తిన పడింది. నేను ఊళ్ళో హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. సైన్సు మేస్టరుకు బల్బు మార్చడం దగ్గరినుంచి రైలింజను బాగుచెయ్యడం దాకా అన్నీ తెలిసే ఉంటాయని ఆ రోజుల్లో జనానికి గట్టి నమ్మకం. దాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా నా భార్య ఆ ఆసుపత్రిలోనే ఉంది.

ఆమెది పుంగనూరు. పెళ్ళయిన రెండో ఏడు దగ్గు మొదలైంది. తగ్గలేదు. చివరికి ఆ ఆసుపత్రి ఆడవార్డులో మంచం పట్టింది. ఆదివారం ఒక్కరోజే చూడనిచ్చేవారు, అదీ కిటికీ బయట నిలబడి. "తిన్నావా?" అనేవాణ్ణి. "తిన్నా" అనేది. అక్కడితో నా సరుకు అయిపోయేది. తరగతి నిండా పిల్లలుంటే గంటసేపు ఆగకుండా వాగగలను గానీ, కావలసిన మనిషి ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. ఇదొక జబ్బు. దానికి ఆ ఆసుపత్రిలో మందు లేదు.

ఆట శనివారం మధ్యాహ్నం, రోగుల విశ్రాంతి గంట అయిపోయాక. హాలు కిటికీలకు నల్లకంబళ్ళు కట్టి చీకటి చేసేవాళ్ళం. ప్రొజెక్టరు పెట్టెలోనే ఒక చిన్న స్పీకరు ఉండేది. యంత్రం చేసే టకటకలో దాని గొంతు దానికే వినిపించేది కాదు. అందుకని వేరే పెద్ద స్పీకరు తెచ్చి తెర పక్కన నిలబెట్టి, పెట్టె వెనక రంధ్రం నుంచి దానికి తీగ లాగాను. మొదటిరోజు ఈగలు ముసిరినట్టు ఒకటే రొద. తీగ తీసి, గీకి, మళ్ళీ బిగిస్తే రొద పోయి మనిషి గొంతు వచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నా ముఖంలో ఆశ్చర్యం కనపడకుండా జాగ్రత్తపడ్డాను.

నడవగలిగిన రోగులు హాలుకు వచ్చేవారు. మంచం దిగకూడని వాళ్ళు వార్డులోనే పడుకొని పైకప్పు చూసేవాళ్ళు. ఒకరోజు ఆడవార్డు నర్సమ్మ నన్ను ఆపింది.

"సారూ, కండ్లకు లేకపోయినా వాళ్ళ సెవులకన్నా సినిమా సూపించకూడదా? ఒక తీగ ఆడికి కూడా లాగండి."

ఆ మాట ఎవరో ఒకరు అనాలనే నేను కాచుకొని ఉన్నాను. మిలిటరీ టెలిఫోను తీగ చుట్ట ఒకటి సామాన్లలో పడి ఉంది. వరండా స్తంభాల మీదుగా దాన్ని పాకించి, వార్డు గోడకు చిన్న స్పీకరు తగిలించాను. అది సరిగ్గా నా భార్య మంచానికి పైన పడింది. కావాలనే పడింది. అంత దూరం పోయేసరికి శబ్దం సొమ్మసిల్లిపోతుంటే, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాక గానీ నిలదొక్కుకోలేదు.

రీళ్ళన్నీ ఇంగ్లీషువి. ఈగలు తెచ్చే రోగాలు, కోళ్ళ పెంపకం, కాలవలు తవ్వడం. వాటికి నేను మైకులో తెలుగు చెప్పాలి. చూడలేని వాళ్ళకు బొమ్మను కూడా మాటల్లో చెప్పాలి కదా. కోళ్ళ పెంపకాన్ని ఎంతసేపని చెప్పగలను? అందుకని ఆ కోళ్ళకు ఒక యజమాని, ఆయనకో గయ్యాళి అక్క, ఆ అక్కకు సదుం అనే ఊళ్ళో ఒక భూమి తగాదా కల్పించాను. తర్వాతి వారం ఈగల రీలు వచ్చినా తగాదా ఆగలేదు. హాల్లో ఉన్నవాళ్ళకు తెరమీద ఒకటి, చెవిలో ఒకటి. కడుపుబ్బ నవ్వేవారు. వార్డులో వాళ్ళు మాత్రం పూర్తిగా నమ్మేశారు. ఆ అక్క వేషం కట్టినామె బాగా చేసిందని ఒక ముసలమ్మ నర్సమ్మతో అన్నదట. ఆ అక్క తెరమీద ఎక్కడా లేదు.

ఇంతలో మా పెద్దమ్మ రంగంలోకి దిగింది. నన్ను పెంచిన మనిషి ఆవిడే. "ఒంటికాయ సొంటికొమ్ము మాదిరి ఎన్నాళ్ళుంటావురా? కుప్పంలో మంచి పిల్ల ఉండాది. ఆ మొదటి పిల్ల మంచం దిగేది దేవునికే తెలియల్ల" అంది. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని పెద్దమ్మ లెక్క. వచ్చే ఆదివారం కుప్పం ప్రయాణం ఖాయం చేసేసింది. నాకు వద్దని ఉంది. ఆ చిన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. భార్య అయినా కాదంటుందేమోనని ఆమెకు చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి, "మంచిదే గదా. సేసుకోండి. కుప్పం పొయ్యొచ్చినాకే నాకు మొగం సూపించండి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత తేలిగ్గా వదిలేసిందే అనుకొని, కుప్పం పోవడానికే నిశ్చయించుకున్నాను.

ఆ ప్రయాణానికి ముందురోజు శనివారం. మొదటి రీలు అయిపోయింది. హాల్లో ఒక దీపం వేసి రెండో రీలు ఎక్కిస్తున్నాను. మధ్యలో మళ్ళీ రొద మొదలైతే, పెట్టె వెనక మైకు తీగనూ వార్డు తీగనూ పీకి, తుడిచి, తిరిగి గుచ్చాను. రెండు మొనలూ ఒకే తీరుగా ఉంటాయి. వార్డు తీగ మైకు రంధ్రంలోకి పోయింది. స్పీకరులోనూ మైకులోనూ లోపల ఉండేది అదే అయస్కాంతం, అదే తీగచుట్ట. మైకు రంధ్రానికి తగిలిస్తే స్పీకరే మైకవుతుంది. ఈ సంగతి నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే.

తెర పక్కన స్పీకరులోంచి ఒక ఆడగొంతు ఖంగున మోగింది.

"ఏమమ్మా, నిలిచిపాయనే! ఆ అక్క కోర్టుకు పోయిందా లేదా?"

తెలుగు సినిమా తెప్పించాననుకొని హాల్లో వాళ్ళు సర్దుకొని కూర్చున్నారు. ఆ గొంతే మళ్ళీ, "ఈ పొద్దు గెంజి నోట్లో పెట్టుకునేటట్టు లేదు. వంటాయప్ప సెయ్యి కడుక్కున్న నీళ్ళు మాదిరి ఉండాది" అంది. వంటాయన ముందువరసలోనే ఉన్నాడు. హాలు గొల్లుమంది. నేను తప్పు తెలుసుకొని తీగ పీకబోతుంటే, ఆ గొంతే, అక్కను మెచ్చుకున్న ముసలమ్మదే అయ్యుండాలి, ఇంకో ప్రశ్న వేసింది.

"అవునే పుంగనూరు పిల్లా, నీ మొగుడు ఇంట్లో కూడా ఇట్లే మాట్లాడతాడా?"

"ఇంట్లోనా! బెల్లం గొట్టిన రాయి మాదిరి కూసోనుంటాడు. ఈడ గొట్టం దొరికినాదని సూడు, ఎట్ల వదరతాండాడో."

హాలు మళ్ళీ నవ్వింది. నా చెయ్యి తీగమీదే ఆగిపోయింది. ఆమె నా గురించి అన్ని మాటలు అనగా నేను ఎప్పుడూ వినలేదు.

"రేపు కుప్పం పోతాండాడంట గదా, పిల్లను సూసేదానికి?"

"నేనే పొమ్మన్యా."

"నీకు బాధ లేదా?"

హాల్లో ఎవరూ నవ్వడం లేదు.

"బాధ లేకేమవ్వా. శనివారం ఆయప్ప గొంతు వినొచ్చని వారమంతా ఆశ పెట్టుకోనుంటా. పెండ్లయితే ఇంక ఈడికి యాల వస్తాడు? అయినా ఆ మాట సెప్తే పోడు. నేను సచ్చిపోతే ఒంటిగాడయిపోతాడు."

హాల్లో మనుషులందరూ నావైపు తిరిగి చూస్తున్నారు. దగ్గు వచ్చినవాళ్ళు కూడా గుడ్డ అడ్డం పెట్టుకొని బిగపట్టారు. తీగలు మార్చి గుచ్చి మైకులో జవాబు చెప్పవచ్చు. చెయ్యి అటు పోయింది కూడా. ఇన్ని వారాలు ఆ మైకులో నోటికొచ్చిన కోతలు కోశాను, అదే మైకులో ఈ మాట చెప్తే ఆమె నమ్మాలని ఏముంది? ఎక్కడివక్కడ వదిలేసి బయటికి నడిచాను. ఆడవార్డు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆరోజు చూడనిచ్చే రోజు కాదు. నర్సమ్మ లేచి నా ముఖం చూసి మళ్ళీ కూర్చుంది.

"నేను కుప్పం పోను" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి ఇటు తిరిగింది. "యాల?"

"నాకు ఇష్టంలేదు. మొదటినుంచీ లేదు. నువ్వు ఇంటికి రా. ఎన్నేళ్ళయినా సరే. అప్పటిదాకా నేనే వండుకుంటా."

"నేను బతక్కపోతే?"

"ఏడుస్తాను. ముందే ఇంకొకర్ని తెచ్చుకొని కూర్చోను."

నా నోట అన్ని మాటలు వరసగా రావడం ఆమె చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం అలా ఉండగానే వరండా అవతలినుంచి పెద్ద చప్పట్లు వినపడ్డాయి. ఈలలు కూడా.

"అదేమి సప్పుడు?" అంది.

"తీగ తప్పు గుచ్చాను. ఇంతసేపూ మీరు ఇక్కడ మాట్లాడిందంతా హాల్లో వినపడింది. ఇప్పుడు నేను అన్నది కూడా."

"గెంజి మాట కూడానా?" అంది ముసలమ్మ.

"అదే ముందు వినపడింది."

నా భార్య దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దుప్పటి కింద భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు అర్థం కాలేదు. నర్సమ్మకు అర్థమైనట్టుంది, "అంత నవ్వొద్దమ్మా, ఆయాసమొస్తాది" అని కసిరింది. కాసేపటికి దుప్పటి లోపలినుంచే గొంతు వచ్చింది.

"అంతమంది ముందర అన్నారు. ఇంక మాట మార్చేదానికి లేదు."

"లేదు."

"రేపు ఆదివారం గదా" అంది. "ఈడికే రండి."