నూనె లేని మేత

1973 జూన్‌లో నన్ను చోడవరంలోని పోషకాహార పరిశోధన ఉపకేంద్రంలో జూనియర్ రీసెర్చ్ అసిస్టెంటుగా వేశారు. ప్రొబేషన్ మీద ఉద్యోగం. పై అధికారి సంతకం చేస్తేనే ఖాయమవుతుంది. మొదటి రోజు ఆయన నన్ను నిలబెట్టే మాట్లాడారు. గదిలో రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఒక గుంపు ఎలుకలకు నూనె కలిపిన మేత, మరో గుంపుకు నూనె లేని మేత పెట్టాలి. తర్వాత చిన్నపేగు లోపలి పొరను గాజు పలకతో గీకి తీసి, జీర్ణమైన కొవ్వును తిరిగి కూర్చే ఎంజైము అందులో ఎంత ఉందో కొలవాలి. కొవ్వు ఎక్కువ తింటే పేగు కణాలు ఆ ఎంజైమును ఎక్కువ తయారుచేస్తాయని మా అంచనా. దాన్ని తయారుచేయించే జన్యువులు చురుగ్గా పనిచేస్తాయని ఇప్పటివారు అంటారు. జన్యువు పనిని చూసే సాధనం అప్పట్లో మాకు లేదు.

తీరా చూస్తే రెండు గుంపుల్లోనూ ఎంజైము సమానంగా వచ్చింది. అధికారి నాకు మెమో ఇచ్చారు, నమూనాలు కలిపేశానని. నేను మేతను అనుమానించాను. నూనె లేని మేతలో మాంసకృత్తుల కోసం వేసింది తెలికపిండి, అంటే నువ్వులు గానుగాడాక మిగిలే చెక్క. ఎద్దు గానుగ నూనెంతా పిండదు. మా ఇంట్లో ఆ పిండితో కూర వండితే చేతికి జిడ్డు అంటుకునేది. ఆ మాటే అధికారితో అన్నాను. ఆయన లెక్కలో అది పశువుల దాణా, ఉత్త పిప్పి.

"నువ్వు తిన్న కూర సంగతి కాదయ్యా, నీ చేతి సంగతి మాట్లాడుతున్నాను" అన్నారు, అందరి ముందూ.

ఆ సాయంత్రమే పిండిని, నూనెను కరిగించే ఈథరులో నానబెట్టి, వడకట్టి, ఈథరును ఆవిరి చేశాను. గిన్నె అడుగున పసుపుపచ్చని నూనె మిగిలింది. తీసుకెళ్లి చూపిస్తే ఆయన గిన్నె వైపు చూడలేదు. అయినా పిండినంతా అలాగే కడిగి ఆరబెట్టి, కొత్త ఎలుకలకు పెట్టడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో ఒకచోట కూర్చోలేకపోయాను. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్ల వెంట కాస్త దూరం నడవడం, వెనక్కి రావడం, బోనుల ముందు నిలబడడం. ఎలుకల్ని చూసుకునే అటెండరు పైడమ్మ విసుక్కుంది.

"ఏటి బాబూ, ఎలకలు తింతన్నాయి గానీ నువ్వు తినట్నేదు. ఇంటికెల్లి రెండు ముద్దలు తిని రా. ఇవేటీ పారిపోవు."

"ఈసారీ తేడా రాకపోతే నా ఉద్యోగం పోతుంది పైడమ్మా."

"పోతే పోనీ. ఈ కంపులో ఉద్యోగానికి ఇంకెవుడొస్తాడు?"

ఈసారి నూనె లేని గుంపులో ఎంజైము స్పష్టంగా తగ్గింది. అధికారి కాగితాలు తిరగేసి "సరే" అన్నారు. నివేదికలో "మేతలో లోపాన్ని గుర్తించి సరిదిద్దాం" అని రాసుకున్నారు. గుర్తించింది ఎవరో రాయలేదు. నన్ను ఏడాది ఆలస్యంగా ఖాయం చేశారు. మెమో రద్దు చేయమని మూడుసార్లు అర్జీ పెట్టాను. నేను రిటైరైన నాటికీ అది నా ఫైల్లోనే ఉంది.

తర్వాత నా కింద పనిచేసినవారికి ఒకటే నియమం పెట్టాను. ఫలితం అనుకున్నట్టు రాకపోతే ముందు మేతను పరీక్షించాలి, ఆ తర్వాతే మనిషి చేతిని.