పెట్టిన డిస్కునే పెట్టమన్న కంప్యూటర్

ఎనభైల చివర నూజివీడులో నేను టైపు నేర్పేదాన్ని. మా ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్టారు బెజవాడలో ఎవరో వాడేసిన పాత కంప్యూటర్ కొనుక్కొచ్చారు. నన్ను కొన్నాళ్లు అక్కడికి పంపి నేర్పించారు కూడా. టైపు మిషన్ల టకటకకు చెవులు చిల్లులు పడ్డ నాకు ఆ పెట్టంటే ప్రాణం.

పూజ చేసిన మర్నాడే అది మొరాయించింది. దాన్ని నడిపించే పల్చటి నల్ల డిస్కు లోపలికి తోస్తే కాసేపు గరగరమని, సిస్టమ్ డిస్కు పెట్టమని ఇంగ్లీషులో అడిగేది. పెట్టిందే అది! వైర్లన్నీ ఊడబీకి మళ్లీ బిగించాను. బతిమాలాను, తిట్టాను. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

మాస్టారికి రెడ్డిగూడెంలో మామిడితోట ఉంది. ఏది మాట్లాడినా ఆయనకు ఆ లెక్కే.

"కాయ మాగేస్తే నాలుగు రోజుల్లో రంగు తిరుగుద్ది. ఇదేంటమ్మాయ్, వారమైనా ఉలకదు పలకదు?"

కంప్యూటర్ అమ్మినతన్ని పిలిపించారు. అతను కొత్త డిస్కు తెచ్చి పెట్టాడు. మళ్లీ అదే పాట.

"మా దగ్గర బానే నడిచింది మేడం," అని చేతులు దులుపుకున్నాడు.

"అయితే సాయంత్రం బస్సుకి పట్టుకుపోవయ్యా," అన్నారు మాస్టారు. అది పోతే నాకు మళ్లీ ఆ టకటకే గతి.

రెండు డిస్కులూ ఒకేసారి చెడవు కదా. అనుమానం డిస్కు దూర్చే సందు మీదికి పోయింది. స్విచ్చి కట్టేసి టార్చి వేసి చూస్తే లోపల పసుప్పచ్చగా ఏదో కనపడింది. జడలోని పిన్ను లాగి కెలికాను. ఒక బియ్యపుగింజ బయటపడింది, వెనకే ఇంకోటి. అక్షింతలు! పూజ రోజు వచ్చినవాళ్లందరూ పెళ్లికూతురి మీద చల్లినట్టు చల్లారు. మాస్టారైతే ఎదురుగా నిలబడి గుప్పిళ్లతో కుమ్మరించారు.

"ఎవరమ్మా ఈ పని చేసింది?" అన్నారాయన గంభీరంగా.

"పెద్దల ఆశీర్వాదం మాస్టారూ, కాస్త లోపలిదాకా వెళ్లింది," అన్నాను నవ్వాపుకుంటూ.

డిస్కు పెట్టి స్విచ్చి వేశాను. గరగరలయ్యాక నల్లటి తెర మీద ఆకుపచ్చగా ఒక్క అక్షరం, పక్కన మిణుకుమనే గీత వచ్చాయి, ఇక పని చెప్పమన్నట్టు.

"ఇంతేనా?" అన్నారు మాస్టారు నీరుగారిపోయి.

"ఇంతేనండీ," అన్నాను. సంతోషంతో నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన నన్ను తేరిపార చూసి, అమ్మినతని వైపు తిరిగారు.

"నువ్వెళ్లు బాబూ. దార్లో ఎక్కడన్నా టైపు నేర్పేవాళ్లుంటే చెప్పు. ఈ అమ్మాయికి ఇక తీరికుండదు."