మెట్ల కింద రిజిస్ట్రేషన్

నేరేడుచర్లలో ఉన్న ఇంటి జాగా సగం అన్నకు, సగం నాకు రాసిస్తానన్నాడు నాన్న. సంతోషమే. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసు మేడమీద ఉంది, నా కాళ్లు చిన్నప్పుడే పోలియోతో పోయాయి. ఏ ఊరి ఆఫీసో చెప్పను, అలాంటి మెట్లు చాలా ఊళ్లలో ఉన్నాయి.

మా ఇంట్లో దీనికో పద్ధతుంది. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అన్న ఒకవైపు, బావ ఒకవైపు పట్టుకుని ఎక్కించేస్తారు. పరీక్షలకూ అంతే, పెళ్లిళ్లకూ అంతే. వాళ్లది ప్రేమే. కానీ జనం తలెత్తి చూస్తుంటే నేను చీర సర్దుకుంటూ నవ్వుమొహం పెట్టాలి. ఆ నవ్వంటే నాకు ఒళ్లుమంట.

రిజిస్ట్రేషన్ రోజు కూడా అన్న ఆఫీసుకు ఆటోలో కుర్చీ వేసుకొచ్చాడు. నేను నా మూడు చక్రాల స్కూటీ దిగలేదు. కోదాడ జిరాక్స్ షాపులో నా పనే ఊరందరి దరఖాస్తులు టైపు చేయడం. నాకోసం మొదటిసారి ఒకటి చేసుకున్నాను, వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నా ఫొటో, వేలిముద్ర కిందనే తీసుకోవాలని. రెండు కాపీలూ అన్నకిచ్చి, ఒకదానిమీద అందినట్టు ముద్ర వేయించుకు రమ్మన్నాను. ముద్ర పడిన కాగితాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయలేరు.

ముద్రకు బదులు గుమాస్తా దిగొచ్చాడు.

"అందరికి ఒకటే రూలమ్మా. పైకే రావాలె."

"అందరికి ఒకటే మెట్లు కట్టిన్రు సార్, అందరికి ఒకటే తీరు కాళ్లు లేవు. గది సమానం ఎట్లయితది? కాదంటే గా కాగితం మీదనే కాదని రాసి ముద్రెయ్యుండ్రి."

అలా రాయడానికి ఆయనకు చేయి రాలేదు. కాగితాలు పట్టుకుని పైకి పోయాడు. ఎందుకే పరేషాన్, ఎత్తుకపోతే రెండు నిమిషాల పని అని అన్న గొణిగాడు. గంట గడిచింది. నా మొండితనంతో, పైన ఎదురుచూస్తున్న నాన్న పని ఆగిపోతుందేమోనని భయమేసింది. అయినా దిగలేదు.

చివరికి ఆఫీసరమ్మే దిగింది. వెనకాల గుమాస్తా కెమెరా, వేలిముద్రల మిషన్ మోసుకొచ్చాడు. నా కాపీ మీద ముద్ర పడింది. ఆమె కూర్చోవడానికి ఏమీ లేకపోతే అన్న మా కుర్చీ వేశాడు. మిషన్ మీద వేలు పెడుతుంటే నా గుండె ఉప్పొంగింది, దాచడం ఎందుకు.

మోకాళ్లు పట్టేసిన ఒక ముసలి గొర్రెల కాపరి, కొడుకు వీపు మీద మెట్లెక్కబోతున్నవాడు, ఆగి చూశాడు.

"ఇగ నాది గూడ గీడనే కానియ్యమ్మా," అన్నాడు.

ఆఫీసరమ్మ నిట్టూర్చి, కుర్చీ ఆయనవైపు జరుపుకుంది. ఆయన వెనక ఇంకో ఇద్దరు ముసలివాళ్లు చేరారు.

కుర్చీ అక్కడే వదిలేసి వచ్చాం. ఇంట్లో దానితో ఇక పనిలేదని అన్నకు నేనే చెప్పాను.