ఆగిపోవడం నేర్చిన మా అక్క

మా అక్క పదిహేనేళ్ళుగా టీవీలో ఏడుస్తోంది. ఏడవని రోజున ఇంకెవరినో ఏడిపిస్తోంది. ఈ రెండూ కాక ఆమెకు మరో పని వచ్చని, నిజానికి అదే ఆమె అసలు పని అని మా వీధిలో ఒక్కరికీ తెలియదు. కూరగాయలవాడు అక్క కనబడితే చాలు, పాపం ఆ కోడలిపిల్లని అంత రాచి రంపాన పెట్టకండమ్మా అంటాడు. అక్క నవ్వి ఊరుకుంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ముందు నువ్వు తూకం సరిగ్గా వెయ్యవయ్యా అని నేనే అంటాను.

మా అక్క డాన్సరు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. ఇంట్లో గాజు సామాను మిగలడం లేదని అమ్మ తీసుకెళ్ళి డాన్సు టీచరుగారికి అప్పజెప్పింది. వెనకాలే నన్నూ తోలింది. ఏది కుడికాలో ఏది ఎడమకాలో నేను తేల్చుకునేలోపు పాట అయిపోయేది. టీచరుగారు నన్ను మర్యాదగానే ఇంటికి పంపేశారు. నేను చివరికి కుట్టుమిషను దగ్గర తేలాను, అక్క అక్కడే ఉండిపోయింది.

టీచరుగారి క్లాసు సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన, పొడుగాటి గదిలో జరిగేది. చెక్కనేల. కిటికీలకి రంగు మీద రంగు వేసి అవి తెరుచుకోకుండా అయిపోయాయి. కింద టైర్లు కొట్టే చప్పుడు, పైన టీచరుగారు కర్రతో బల్ల మీద కొట్టే తాళం. ఆవిడకి అన్నిటికంటే ముఖ్యమైనది పాట చివర. పాట అయిపోగానే సంత విడిచినట్టు వెళ్ళిపోకూడదు, ఆఖరి అడుగులో అలాగే నిలబడాలి, చూపు చెదరకూడదు అనేవారు. మిగతా పిల్లలు అటూ ఇటూ ఊగేవాళ్ళు. అక్క నిలబడితే మేకు కొట్టినట్టే ఉండేది.

ఆ నిలబడడమే కొంప ముంచింది. ఒక ప్రోగ్రాముకి సీరియల్ డైరెక్టరు ఒకాయన వచ్చాడు. వాళ్ళ మేనకోడలు ఆడుతోందని వచ్చాడు గానీ డాన్సంటే ఆయనకి ఆవగింజంత ఇష్టం కూడా లేదు, మొదటి వరసలో కూర్చుని ఆవలిస్తూనే ఉన్నాడు. అక్క పాట చివర్లో అలా చూస్తూ నిలబడిపోయేసరికి నిద్రమత్తు వదిలింది కాబోలు. తెర వెనక్కి వచ్చి, ఆ చివరి చూపు ఉంది చూడండి, నాకు అదొక్కటి చాలు అన్నాడు. అప్పటికి అమ్మ మంచం పట్టింది. డాన్సు ప్రోగ్రాములు ఎప్పుడో ఒకటి వస్తే వచ్చినట్టు. ఒక్క సీరియల్ చేసి మళ్ళీ వచ్చేస్తానని టీచరుగారికి చెప్పి వెళ్ళింది అక్క.

సీరియల్ అంటే ఏమిటో నేను ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. అద్దెకి తీసుకున్న పెద్ద మేడ. కింది అంతస్తులో ఒక కుటుంబం కొట్టుకుంటుంటే పై అంతస్తులో ఇంకో కుటుంబం కొట్టుకుంటూ ఉంటుంది, రెండింటికీ వంటిల్లు ఒకటే. ఆ వంటింట్లో పొయ్యి ఉంది గానీ గ్యాసు లేదు. అక్కకి మాటలు కంఠతా రానక్కర్లేదు. కెమెరా పక్కన ఒకడు కూర్చుని అందిస్తూ ఉంటాడు, అది విని అనెయ్యడమే. అక్క గొంతు కూడా టీవీలో వినబడదు, వేరే ఆవిడెవరో తర్వాత చెబుతుంది. అందుకే బయట ఎవరైనా పలకరిస్తే అక్క జవాబు విని మొహం చిన్నబుచ్చుకుంటారు, మీ గొంతు అలా ఉండదే అని.

మరి అక్క చేసే పనేమిటంటే, మాట అయిపోయాక నిలబడడం. ఎవరో తలుపు తోసుకుని వచ్చి, ఈ బిడ్డ నీ బిడ్డ కాదు అంటారు. అక్క గిరుక్కున తిరిగి చూడాలి. కెమెరా ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి మొహం మీదకి వస్తుంది. కట్ అనేదాకా రెప్ప వెయ్యకూడదు. ఎంత పెద్ద నటులకైనా కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి. అక్కకి కారవు. రెండో టేకు అక్కర్లేదని అక్కడ అందరూ ఆమెను ‘ఒక్క టేకమ్మ’ అంటారు. పైన ఒంటినిండా నగలు, మెరిసే బట్టలు, కింద రబ్బరు చెప్పులు. కెమెరాకి నడుం దాకానే పని మరి. పదిహేనేళ్ళలో మా అక్క కాళ్ళు ఏ రోజూ టీవీలో కనబడలేదు.

ఒక్క సీరియల్ అన్నది కాస్తా రెండయింది, నాలుగయింది. అమ్మ పోయింది. మధ్యలో ఒక కథని ఉన్నట్టుండి ఇరవై ఏళ్ళు ముందుకి గెంతించారు. ఒక సోమవారం నాడు అక్క జుట్టుకి తెల్లపొడి రాసి, తనకంటే నాలుగేళ్ళే చిన్నదైన అమ్మాయికి అత్తగారిని చేసి కూర్చోబెట్టారు. ఆ పొడి తలస్నానం చేసినా ఒక పట్టాన వదిలేది కాదు. ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుని, కాళ్ళు స్టూలు మీదకి చాపుకునేది. ఇవాళ ఏం చేశావక్కా అంటే, నిలబడ్డానే అనేది. అంతకుమించి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అన్నం ముందు పెడితే కలుపుకుంటూ కలుపుకుంటూ అలా చూస్తూ ఉండిపోయేది. మా ఆయన వదినగారూ అని రెండుసార్లు పిలిస్తే గాని చెయ్యి కదిలేది కాదు. అలసట అనుకున్నాం.

కిందటేడు టీచరుగారు కబురు పెట్టారు. ఆవిడకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. క్లాసు ఎవరికైనా అప్పగించాలి. పాత శిష్యురాలు ఒకామె నేను నడుపుతానంటోందట, కానీ టీచరుగారి మనసంతా అక్క మీదే ఉంది. ఒక ఆదివారం వచ్చి పిల్లల ముందు ఒక పాట ఆడి చూపించు, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నారు.

అక్క మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో. రోజూ తెల్లారకముందే లేచి, ముందుగదిలో నా మిషను గోడవారకి జరిపి మొదలెట్టేది. మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం నేనే పెట్టేదాన్ని. మెట్లు దిగేటప్పుడు చుక్కలు కనబడేవి పాపం, అయినా మానలేదు. అడుగులన్నీ గుర్తున్నాయి. పాట పెట్టుకునేది కాదు, మా ఆయన నిద్ర పాడవుతుందని మనసులోనే లెక్క పెట్టుకునేది. ఒక రోజు కాపడం పెడుతుంటే నెమ్మదిగా చెప్పింది.

“క్లాసు నాకిస్తే సీరియల్ మానేస్తానే. ఇంక ఆ మేడ మెట్లు ఎక్కలేను. ఇది కుదరకపోతే మాత్రం నన్ను అక్కడే దీపంలా ఆరిపోనియ్యవే.”

నోరు మూసుకో అన్నాను. కాని నాకు భయమేసింది.

ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. అదే చెక్కనేల, అవే తెరుచుకోని కిటికీలు. చిన్నపిల్లలు గోడవారన వరసగా కూర్చున్నారు. అక్కని చూడగానే అత్తగారు అత్తగారు అని గుసగుసలు. టీచరుగారు కర్ర ఎత్తారు. అక్క మొదలెట్టింది. నా అక్క అని చెప్పడం కాదు, మొదటి చరణం దాకా పిల్లలు కిక్కురుమనలేదు. సన్నగా, తేలిగ్గా, ఎప్పటి అక్కో కళ్ళముందు ఉంది. నా గుండె నిండిపోయింది.

రెండో చరణంలో భుజం మీదుగా వెనక్కి తిరిగి చూసే చోటొకటి ఉంది. అక్క తిరిగి చూసింది. అలాగే ఉండిపోయింది. తాళం ముందుకెళ్ళిపోయింది. ఒక్క ఉదుటున అందుకుంది. పోనీలే, దొర్లింది అనుకున్నాను. మళ్ళీ తిరిగే చోటు వచ్చింది. మళ్ళీ ఆగింది. ఈసారి అందుకోవడానికి ఇంకా ఆలస్యమైంది. మూడోసారి కర్రే ఆగిపోయింది. అక్కకి అది కూడా తెలియలేదు. కళ్ళు పెద్దవి చేసి, రెప్ప వెయ్యకుండా గోడకేసి చూస్తూ నిలబడే ఉంది. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఇంట్లో పాట లేకుండా సాధన చేసింది కదా, ఎంతసేపు ఆగిపోతోందో తనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

టీచరుగారు పిల్లల్ని కిందకి పంపేసి అక్కని దగ్గరికి పిలిచారు.

“ఎవరాపారే నిన్ను?”

“ఎవరూ ఆపలేదు టీచర్. అలవాటైపోయింది.”

ఆవిడ అక్క చెయ్యి పట్టుకున్నారు.

“క్లాసు నీకివ్వలేనమ్మా. పిల్లలు నువ్వెలా చేస్తే అలాగే చేస్తారు. నీ ఆగడం కూడా నేర్చేసుకుంటారు.”

నేను ఊరుకుంటానా? పిలిపించింది మీరే, ఇంత ఆశ పెట్టింది మీరే, అక్క మోకాళ్ళు చూశారా అని నోటికొచ్చినట్టల్లా అనేశాను. అక్కే నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. నేను అనుకున్నట్టు ఏడవలేదు. తన డొక్కలు ఇంకా ఎగసిపడుతున్నాయి.

“నేర్పడానికి కాదు టీచర్. నేర్చుకోవడానికి రానా?”

ఆ పాత శిష్యురాలు వచ్చి చేరేదాకా క్లాసు తనే చెబుతానని, పొద్దున ఆరింటికి చిన్నపిల్లల క్లాసు ఉందని, వస్తే మొదటి అడుగునుంచీ రావాలని, ఒకరోజు వచ్చి ఒకరోజు మానేస్తే ఒప్పుకోనని టీచరుగారు చెప్పారు. అక్క తలూపింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆరింటికి షూటింగు కారు మా గుమ్మంలో ఉంటుంది. ఇల్లు నడిచేది ఆ కారు మీద. దారిపొడుగునా, ఆదివారాలు మాత్రం వెళ్ళక్కా, పట్టు పట్టకు అని బతిమాలుతూనే ఉన్నాను.

ఇంటికి రాగానే ప్రొడక్షన్ మేనేజరుకి ఫోను చేసింది. ఇకమీదట తొమ్మిదింటికి గాని రాలేనంది. ఆయన మంచివాడే, ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు. పొద్దుటి వెలుగులో తియ్యాల్సినవన్నీ మీ సీన్లేనమ్మా అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది, నాకన్నీ వినబడుతున్నాయి. చివరికి ఆయన గొంతు తగ్గించాడు.

“రైటరుగారి సంగతి మీకు తెలుసు కదమ్మా. మీ పాత్రని చంపేస్తారు. మళ్ళీ రావడానికుండదు.”

అక్క కుర్చీ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

“చంపెయ్యమనండి బాబూ. నేను అలిసిపోయాను. ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టి నెలల తరబడి సాగదియ్యొద్దని మాత్రం నా మాటగా చెప్పండి.”

ఫోను పెట్టేసి నావైపు తిరిగి, పొద్దున ఐదింటికే లేపవే, మొదటిరోజే ఆలస్యంగా వెళ్తే టీచరుగారు గుమ్మంలోనే నిలబెట్టేస్తారు అంది. లేపుతానక్కా అన్నాను.