కిటికీ అద్దానికి స్పీకర్

వేసవి వచ్చిందంటే శనివారం మధ్యాహ్నం ఆర్డిత్ కెస్లర్ ముందుగా చేసే పని ట్రక్కు ముందద్దం తుడవడం. గిన్నెలో వెనిగర్ కలిపిన నీళ్లు, చంకలో పాత పేపర్లు. బయటివైపు ఒక చేత్తో గబగబా కానిచ్చి, లోపలివైపు మాత్రం సీటు మీద మోకాళ్లు వేసి, మూలమూలలా రుద్దేది. అద్దం మీద మరక ఉంటే తెర మీద రాకాసికి పుట్టుమచ్చ వచ్చినట్టు ఉంటుందని ఆమె భర్త లోవెల్ అనేవాడు. అద్దం అయ్యాక మందపాటి ఇనప కుండలో మొక్కజొన్న పేలాలు వేయించి, కరిగిన వెన్న పోసి, కిరాణా కొట్టు కాగితపు సంచుల్లోకి ఎత్తేది. సంచుల అడుగున నూనె మరక పాకుతుండగానే ఇద్దరూ బయల్దేరేవారు. దుప్పటి, సోడా సీసాలు, దోమల చుట్ట, అగ్గిపెట్టె అన్నీ సీటు మీదే. పొద్దు వాలేసరికి ఆ ఆకుపచ్చ పికప్ ట్రక్కు ఊరి పైన గుట్ట మీద, బండ్లలోనే కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్‌లో, తెరకు ఎదురుగా మూతి పైకెత్తుకుని నిలబడి ఉండేది.

సినిమా అయిపోయాక ఆర్డిత్‌కు ఇంకొక పని. తనవైపు కిటికీ అద్దానికి తగిలించిన స్పీకర్‌ను తీసి, పక్కనున్న ఇనప స్తంభం మీద పెట్టడం. లోవెల్ తాళం తిప్పే ముందు ప్రతిసారీ అడిగేవాడు.

"తీశావా?"

"తీశా."

ఆ రెండు మాటలూ అయితేనే బండి కదిలేది.

ఈ వేసవిలో అద్దం తుడిచినవాళ్లు లేరు. డ్రైవ్-ఇన్ మూతపడి రెండేళ్లయింది. అక్కడిప్పుడు సామాన్లు దాచుకునే రేకుల గదులు వరసగా కట్టారు. లోవెల్ ఫిబ్రవరిలో, మంచు ఎత్తుతూ ఎత్తుతూ పారకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. శనివారం మధ్యాహ్నం వస్తే ఆర్డిత్ వెనిగర్ సీసా దాకా వెళ్లి, దాన్ని చూసి, తిరిగి వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చునేది.

ఆ రెండు మాటలకు పెద్ద కథే ఉంది. వాళ్లిద్దరూ తొలిసారి కలిసి డ్రైవ్-ఇన్‌కు వెళ్లిన రాత్రి లోవెల్‌కు ఇరవై ఏళ్లు, ఆమెకు అంతకన్నా తక్కువ. లోవెల్ తన తండ్రి కారు అడిగి తెచ్చాడు. బొరియలోంచి ఏనుగంత పందికొక్కు లేచి ఊళ్లు తవ్వేసే సినిమా ఆడుతోంది. పందికొక్కు రైలు పట్టాలు కొరుకుతున్నప్పుడు లోవెల్ పెళ్లి మాట అడిగాడు. ఆమె సరే అంది. ఆ సంతోషంలో కుర్రాడికి ఒళ్లు తెలియలేదు. సినిమా అవగానే కారు ముందుకు దూకించాడు. స్పీకర్ ఇంకా కిటికీకే ఉంది. తీగ పుటుక్కున తెగింది, స్తంభం ఒంగింది, చుట్టుపక్కల కార్లన్నీ హారన్లు మోగించి మరీ నవ్వాయి.

మర్నాడు లోవెల్ తల వంచుకుని స్పీకర్ తిరిగి ఇవ్వడానికి వెళ్తే డ్రైవ్-ఇన్ యజమాని దాన్ని తిప్పి చూసి, "ఇది పోయిన ఏడాదే పాడైంది కదయ్యా! దీంట్లోంచి కుయ్యిమన్న చప్పుడు కూడా రాదు. రాత్రి మీరేం విన్నారు?" అన్నాడు.

ఏమీ వినలేదు. సినిమా మొత్తం మూగగానే చూశారు. ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

యజమాని నువ్వే ఉంచుకోమన్న ఆ పనికిరాని స్పీకర్ వాళ్ల గ్యారేజీలో మేకుకు వేలాడుతూ కాపురమంతా చూసింది. స్పీకర్ తీసే పని అప్పటి నుంచి ఆర్డిత్‌దే.

డ్రైవ్-ఇన్ మూతపడ్డాక లోవెల్ కొన్నాళ్లు ముంగిలా ఉన్నాడు. తర్వాత ఒకనాడు కాఫీ తాగుతూ, "మన పశువుల కొట్టానికి రోడ్డువైపు గోడ ఎంత పెద్దదో ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. ఆ శరత్కాలంలో గోడకు సున్నంలాంటి తెల్లరంగు వేయడం మొదలుపెట్టాడు. చలి ముదిరేసరికి సగం అయింది. శీతాకాలమంతా స్పీకర్ ముందేసుకుని కూర్చుని దాని లోపలి భాగాలు కొత్తవి పెట్టాడు. స్పీకర్ స్తంభం కోసం ఒక ఇనప గొట్టం తెచ్చి గోడకు ఎదురుగా పాతాడు. పందికొక్కు సినిమా డిస్కు ఎక్కడో ఎవరి దగ్గరో ఉందని తెలుసుకుని తెప్పించాడు. వేసవి రానీ, ఈసారి మాటలు కూడా వింటావు అన్నాడు. వేసవి వచ్చింది. ఆయనే లేడు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో అందరూ భోజనం చేస్తున్నప్పుడు ఆర్డిత్ ఒక మాట ఇచ్చేసింది. లోవెల్ అక్క మేవిస్ కొడుకు కర్టిస్ పక్కన కూర్చుని, తన బండి ఇక ఈ చలి దాటదేమోనని మామూలుగా ఏదో అన్నాడు. "మామ ట్రక్కు తీసుకెళ్లు. నాకెందుకు, నేను నడపలేను కదా. వేసవి దాటనిచ్చి తీసుకెళ్లు" అంది ఆర్డిత్. ఆవిడ జన్మలో స్టీరింగ్ ముందు కూర్చోలేదు. అన్నది న్యాయమే. కానీ అన్నది అప్పుడు, నోరు ఒకచోట, ప్రాణం ఒకచోట ఉన్నప్పుడు. ట్రక్కు పోతే ఆ పొడుగాటి సీటు పోతుందని, తనవైపు కిటికీ పోతుందని తర్వాత తెలిసొచ్చింది. ఆ కొండ ఊళ్లలో ఇచ్చిన మాట వెనక్కి అడిగేవాళ్లుండరు. అందులోనూ ఆర్డిత్ 'కాదు', 'వద్దు' అనే మాటలు నోట్లోనే మింగే మనిషి.

ఆగస్టు ఆఖరి ఆదివారం కర్టిస్ వచ్చి ట్రక్కు తీసుకెళ్లాలి. అంతకు ముందు రోజు శనివారం. ఆ శనివారం సినిమా ఆడించాలని ఆర్డిత్ నిశ్చయించుకుంది.

మిగిలిన సగం గోడ ఆవిడే రంగు వేసింది. నిచ్చెన మీద పైదాకా ఎక్కితే కళ్లు తిరిగేవి, పొడవాటి చీపురు కర్రకు బ్రష్షు కట్టుకుని కింద నుంచే అందినంత వేసింది. ఆయన వేసిన సగానికీ ఈవిడ వేసిన సగానికీ మధ్య గీత కనిపించేది. దాన్ని కప్పలేదు.

తర్వాత మట్టి పని. జూలైలో మేవిస్ గుమ్మడి రొట్టె పట్టుకుని వచ్చేసరికి ఆర్డిత్ పారతో కొట్టం ముందు మట్టి ఎత్తి పోస్తోంది.

"ఏం చేస్తున్నావే ఎండలో? ఎవర్ని పూడ్చిపెడుతున్నావ్?" అంది మేవిస్.

"గట్టు వేస్తున్నా. ముందు చక్రాలు దీని మీదికెక్కాలి. మూతి లేవకపోతే తెర పూర్తిగా కనబడదు."

"రెండు కుర్చీలేసుక్కూర్చుంటే అయిపోదూ?"

"కుర్చీల్లో కూర్చుంటే అది టీవీ అవుతుంది మేవిస్."

మేవిస్ నోరు పదునైనది. తమ్ముడు పోయాక ఇంకాస్త పదునెక్కింది, ఏడవడం రానివాళ్లకు అలాగే అవుతుంది. గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పుతో తొక్కి చూసి, "వదులుగా ఉంది. నీళ్లు కొట్టి తొక్కు. ఎప్పుడైనా పొలం మొహం చూశావా నువ్వు!" అని తిట్టి, రొట్టె మెట్టు మీద పెట్టేసి తనే నీళ్ల గొట్టం లాగింది. ఇద్దరు ముసలమ్మలూ సాయంత్రందాకా ఆ మట్టిని తొక్కారు.

"మీ ఆయన టికెట్టు డబ్బులు మిగుల్చుకోడానికి నన్ను కారు డిక్కీలో దాచి లోపలికి తీసుకెళ్లేవాడు, తెలుసా?" అంది మేవిస్ ఆయాసపడుతూ. "వెధవ, ఒకసారి నన్ను మర్చిపోయి సినిమా సగందాకా చూశాడు."

"తెలుసు. డిక్కీలో చప్పుడు రాకాసిదే అనుకున్నానని చెప్పాడు."

"అబద్ధం! విని కూడా ఊరుకున్నాడు వాడు."

ఆర్డిత్ నవ్వింది. ఫిబ్రవరి తర్వాత అదే మొదటి నవ్వు. మేవిస్ అది గమనించి, గమనించనట్టు ఇంకాస్త గట్టిగా తొక్కింది.

ప్రొజెక్టర్ చర్చిలో ఉంది. అడగడానికి ఆర్డిత్ వెళ్లినప్పుడు పాస్టర్ హోబర్ట్, "తప్పకుండా ఆర్డిత్ గారూ. ఏదైనా భక్తి సినిమానా?" అన్నాడు.

"పందికొక్కు సినిమా."

పాస్టర్ గొంతు తగ్గించి అడిగాడు. "నేనూ రావచ్చా?"

శనివారం మధ్యాహ్నం ఆర్డిత్ వెనిగర్ గిన్నె పట్టుకుని ట్రక్కెక్కింది. లోపలివైపు అద్దం మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. సీటు మీద మోకాళ్లు వేసి మూలమూలలా రుద్దింది. ఇనప కుండ పొయ్యెక్కింది. చీకటి పడే వేళకు కర్టిస్ వచ్చి ట్రక్కును వెనక్కీ ముందుకీ నడిపి గట్టు మీదికి ఎక్కించాడు. ఇనప గొట్టం సరిగ్గా ఆర్డిత్ కిటికీ పక్కకు వచ్చింది. కర్టిస్, మేవిస్ వాళ్ల కారులో ఒక పక్కన, పాస్టర్ తన కారులో ఇంకో పక్కన. రోడ్డు మీద పోతున్న రెండు మూడు బండ్లు గోడ మీద వెలుగు చూసి ఆగి, అడక్కుండానే లోపలికి తిరిగి, దీపాలు ఆర్పుకుని వరసలో నిలబడ్డాయి. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఊరివాళ్లకు అలవాటైన పనే అది.

ఆర్డిత్ తన చోట కూర్చుంది. డ్రైవర్ సీటు మీద పేలాల సంచి పెట్టింది. దోమల చుట్ట వెలిగించి డాష్‌బోర్డు మీద పెట్టింది. అద్దం సగం దించి స్పీకర్ తగిలించింది. అది ఒకసారి గరగరమని, గొంతు సవరించుకున్నట్టు చేసి, మాట్లాడింది.

ఎన్నో ఏళ్ల కిందట చూసిన సినిమాకు మాటలు ఇప్పుడు విన్నది ఆర్డిత్. శాస్త్రవేత్త, "ఇది మామూలు పందికొక్కు కాదు!" అన్నాడు. కథానాయిక, "అయితే ఇది పెద్ద పందికొక్కా?" అంది. ఆర్డిత్ చేత్తో నోరు మూసుకుంది. ఆ రాత్రి తామేమీ పోగొట్టుకోలేదు. ఒక్క ముక్క కూడా.

సినిమా మధ్యలో పందికొక్కు వెనక్కి తిరిగింది. దాని వీపు మీద, వేషం లోపలికి మనిషి దూరిన చోట, నిలువునా జిప్పు.

ఇలాంటి సినిమాల్లో జిప్పు కనబడితే హారన్ కొట్టడం డ్రైవ్-ఇన్ మర్యాద. ముందుగా కొట్టేది ఎప్పుడూ లోవెల్. ఆయన కొట్టాక గుట్ట మొత్తం మోగేది. ఇప్పుడు కార్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. అందరూ చూశారు జిప్పును. ఎవరి చెయ్యీ కదల్లేదు. ఆ ట్రక్కు కోసం ఆగారు.

ఆర్డిత్ పేలాల సంచిని ఒళ్లోకి తీసుకుంది. పక్కకు ఒరిగి, చెయ్యి చాపి, జీవితంలో మొదటిసారి ఆ హారన్ నొక్కింది. నొక్కి పట్టుకుంది. పక్క కారు మోగింది, పాస్టర్ కారు మోగింది, వెనక ఎవరో తెలియనివాళ్లవి కూడా మోగాయి. కొట్టంలో ఆవు అరిచింది. పక్క కారు కిటికీలోంచి మేవిస్, "జిప్పు! జిప్పు వేసుకోరా సిగ్గులేనోడా!" అని గొంతు పగిలేలా అరుస్తోంది. అరుస్తూ అరుస్తూ ఆమె గొంతు మారింది. కారు లోపల దీపం లేదు కాబట్టి కర్టిస్ తప్ప చూసినవాళ్లు లేరు.

పందికొక్కు చచ్చింది. పాస్టర్ ప్రొజెక్టర్ సర్దుకున్నాడు. వచ్చిన బండ్లు ఒక్కొక్కటే హారన్ చిన్నగా కొట్టి రోడ్డెక్కాయి. కర్టిస్ ట్రక్కు దగ్గరికి వచ్చి, తలుపు తీసి, డ్రైవర్ సీటులో కూర్చున్నాడు.

"అత్తా, రేపు మళ్లీ రావడమెందుకు? ఇప్పుడే పట్టుకెళ్లిపోతాను. అమ్మ కారు తెస్తుంది. సరేనా?"

ఆర్డిత్ ముందుకు చూస్తూ కూర్చుంది. గోడ మీద, చీకట్లో కూడా, రెండు తెలుపుల మధ్య గీత కొంచెంగా తెలుస్తోంది.

కర్టిస్ తాళం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు ఇదే సీటు మధ్యలో కూర్చుని వంద రాత్రులు విన్న మాట, ఆలోచించకుండానే వచ్చేసింది.

"తీశావా?"

"లేదు" అంది ఆర్డిత్.

కర్టిస్ చెయ్యి ఆగింది. స్పీకర్ ఆమె కిటికీకే ఉంది. దాని తీగ ఇనప గొట్టంలోకి దిగి ఉంది.

"నేను తియ్యనా?"

"వద్దు నాయనా" అంది ఆవిడ. ఆ మాట బయటికి రావడానికి కాసేపు పట్టింది, వచ్చాక మాత్రం వణకలేదు. "నేనూ తియ్యను."

బయట నుంచి మేవిస్ తన కారు పైకప్పు మీద చరిచింది. "ఒరే కర్టిస్! స్పీకరున్న బండి కదిలిస్తే ఏమవుతుందో మీ మామనడుగు! దిగు కిందికి."

"నా బండి ఇంకా నడుస్తూనే ఉందిలే అత్తా. కాస్త మూలుగుతుంది, అంతే" అన్నాడు కర్టిస్. తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టి దిగాడు. దిగాక తలుపు మెల్లగా, ఎవరో నిద్రపోతున్నట్టు, వేశాడు.

వాళ్లు వెళ్లిపోయాక ఆర్డిత్ దోమల చుట్ట ఆర్పింది. సోడా సీసాలు ఏరింది, దుప్పటి మడిచింది, కింద పడ్డ పేలాలు చేత్తో ఊడ్చి కోళ్లకు విసిరింది. పడమటి వైపు మెరుపు మెరిసింది. వాన వస్తే ఆ సగం దించిన అద్దంలోంచి సీటు తడుస్తుందని ఆవిడకు తెలుసు. గ్యారేజీ నుంచి పాత టార్పాలిన్ పట్టా తెచ్చి కిటికీ పైన కప్పి, గాలికి ఎగరకుండా రెండు రాళ్లు పెట్టింది.

పట్టా కింద స్పీకర్ కిటికీకి అలాగే వేలాడుతోంది. ఆర్డిత్ దాన్ని ఒకసారి తడిమి చూసి, తియ్యకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.