మూడో వరస బస్తాలు

అది 2023 మే నెల. ఎన్నూరు దగ్గర ఒక సిమెంటు గ్రైండింగ్ యూనిట్‌లో లాజిస్టిక్స్ ఇంజనీరుగా చేరి నాకు ఏడాది దాటింది. గ్రైండింగ్ యూనిట్ అంటే పూర్తి ఫ్యాక్టరీ కాదు. సున్నపురాయిని కాల్చి తయారుచేసే క్లింకర్ అనే నల్లటి గుళికలు వేరే చోటి నుంచి వస్తాయి. పక్కనున్న థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద, వస్తుంది. వాటికి కొంచెం జిప్సం కలిపి మిల్లులో పొడి చేయడం, సైలో అనే ఎత్తయిన కాంక్రీటు గాదెలో నిలవ ఉంచడం, బస్తాలకెత్తి పంపడం, ఇంతే మా పని.

సిమెంటు కంపెనీ అనగానే బయటివాళ్ళకు దుమ్ము, మిల్లు గుర్తొస్తాయి. నాకు లారీలు గుర్తొస్తాయి. మా గేటు ముందు రోడ్డు మీద హార్బరుకు పోయే కంటైనర్ లారీలు ఎలాగూ బారులు తీరి ఉంటాయి. వాటి వెనక మావి కూడా చేరితే ఎటూ కదలడానికి ఉండదు. అందుకని మా విభాగం మంచిచెడ్డలన్నీ ఒకే అంకెతో తేల్చేవారు. దాని పేరు టర్న్ అరౌండ్ టైమ్. లారీ మా గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి లోడుతో బయటికి పోయేదాకా పట్టే సమయం.

నేను చేరడానికి ముందు పద్ధతి వేరు. ప్యాకర్ అనే యంత్రం బస్తాలు నింపుతూ పోయేది. వాటిని షెడ్డులో పేర్చేవారు. లారీ వచ్చాక మళ్ళీ అక్కడి నుంచి ఎత్తేవారు. ప్రతి బస్తాకూ రెండు మోతలు. ఆ తరువాత లారీలకు స్లాట్లు ఇచ్చి, ఫలానా గంటకు ఫలానా లారీ అని నిర్ణయించి, ప్యాకర్ నుంచి బెల్టు మీదుగా బస్తా నేరుగా లారీలోకి పడేటట్టు చేశారు. దీన్ని డైరెక్ట్ లోడింగ్ అంటారు. టర్న్ అరౌండ్ టైమ్ సగానికి పైగా తగ్గింది. మా విభాగాధిపతి సెల్వం సార్ ఆ గ్రాఫును తన గదిలో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. ఆ స్లాట్లు నడపడమే నా ఉద్యోగం.

ఒక శుక్రవారం పొద్దున రంగయ్య శెట్టిగారి నుంచి ఫోను వచ్చింది. నగరంలో చూలై అనే పేటలో మూడు తరాలుగా వాళ్ళకు సిమెంటు, ఇనుము దుకాణం. గోడౌను తొండియార్‌పేటలో. నాది ఒంగోలు అని తెలిసినప్పటి నుంచి ఆయన నాతో తమిళం మానేశారు.

"ఏం తంబీ, మీ బండ్లు నా గోడౌన్లో కాపురం పెట్టేటట్టుండాయే! నిన్న పొద్దున వచ్చిన బండి సాయంత్రమైనా కదల్లా. మూటలు కాలతా ఉండాయంటాడు మా మేస్త్రి. సిమెంటు కాలడమేందప్పా, అదేమన్నా పెనం మీద దోసెనా? కూలి పెంచాలని నాటకం. నువ్వొచ్చి నీ మిషిను పెట్టి చూసి ఒక మాట చెప్పిపో. సోమవారం నుంచి వేరే సెట్టును పెట్టుకుంటా."

సెట్టు అంటే మూటలు ఎత్తి దించే లోడ్‌మెన్ జట్టు. ఆ గోడౌనులో పనిచేసే జట్టుకు మేస్త్రి ఏసుపాదం. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన తెలుగు మనిషి, అతని తండ్రి కూడా అక్కడే మూటలు మోశాడు. నేను చెప్పబోయే ఒక్క మాట మీద వాళ్ళందరి పని ఆధారపడి ఉందని ఫోను పెట్టేసేలోపే అర్థమైంది.

ఆ పొద్దునే రెండు పరికరాలు తీసుకుని బయలుదేరాను. ఒకటి ఇన్‌ఫ్రారెడ్ గన్. దూరం నుంచి గురిపెట్టి నొక్కితే ఉపరితలం ఎంత వేడిగా ఉందో చూపిస్తుంది. రెండోది ల్యాబు నుంచి అడిగి తెచ్చుకున్న ప్రోబ్, లోపలికి గుచ్చి వేడి చూసే పొడవాటి ఇనుప సూది.

గోడౌను ముందు మా లారీ అప్పుడే వచ్చి ఆగింది. టార్పాలిన్ తీశారు. వెనక తలుపు దగ్గరి బస్తాల మీద గన్ పెట్టాను. నలభై చిల్లర డిగ్రీలు. మే నెల ఎండలో లారీ తలుపు కూడా అంత వేడి ఉంటుంది.

శెట్టిగారు పెద్దగా నవ్వారు. "చూసినావా? ఇంతకన్నా మా ఇంటి సాంబారు నయం."

ఏసుపాదం జట్టుకు సైగ చేశాడు. జట్టు పని మొదలుపెట్టింది. మొదటి వరస దిగింది. రెండో వరస దిగింది. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి పైనున్న మనిషి ఒక బస్తా జరిపి, చెయ్యి విదిలించుకుని దిగిపోయాడు. మిగతావాళ్ళూ తువ్వాళ్ళు దులుపుకుని లారీ నీడలో కూర్చున్నారు.

"ఇదీ వీళ్ళ తంత్రం!" అన్నారు శెట్టిగారు. "సగం దించి కూసుంటారు. ఇంక బండి ముందుకూ పోదు, వెనక్కూ పోదు."

"కావాలని కూసునేవాళ్ళమైతే మొదటి వరసకే కూసోమా మొదలాళీ?" అన్నాడు ఏసుపాదం. మొదలాళి అంటే యజమాని.

"మొదటి వరసకే కూసుంటే బండిని అట్నే వెనక్కి పంపిస్తాననేగా! నీ తెలివి నాకు తెలవదా?"

ఇద్దరి మాటా సరిపోయినట్టే ఉంది. సగం దించి ఆపడం బేరానికి అనువైన పద్ధతే, కానీ వేడి లోపలి వరసల్లో ఉంటే వాళ్ళు ఆగవలసిన చోటు కూడా సరిగ్గా అదే. చూసి తేల్చగలిగేది కాదు. లారీ ఎక్కి మూడో వరస మీద గన్ పెట్టాను. యాభై దాటింది. అయినా అది పైపొర మాటే.

"ఆ తుపాకి పైన కాల్చబాకండి సార్" అన్నాడు కిందనుంచి ఏసుపాదం. "మూటకీ మూటకీ నడుమ చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. రెండు బస్తాల మధ్య అరచెయ్యి దూర్చి ఒకటి, రెండు అనుకునేలోపే లాక్కున్నాను. కింద ఎవరో నవ్వారు. సిమెంటు బస్తాకు పైన కుట్టు ఉండదు, మూలన వాల్వ్ అనే చిన్న నోరు ఉంటుంది, నింపేది అందులోంచే. ఆ నోట్లోంచి ప్రోబ్ గుచ్చాను. డెబ్భై మూడు దగ్గర నిలబడింది. కిందికి దిగి, అప్పటికే దించిన మొదటి వరస బస్తాలో గుచ్చాను. యాభై ఆరు. ఒకే లారీ, ఒకే సిమెంటు. బయటి వరసలకు దారిలో గాలి తగిలింది. లోపలివి ఒకదాన్నొకటి కప్పుకుని ఉన్నాయి.

"ప్రకాశం, ఇట్రా. సార్‌కి చూపించు" అన్నాడు ఏసుపాదం. ఒక నడివయసు మనిషి వచ్చి వెనక్కి తిరిగాడు. బస్తా ఆనే చోట, మెడ వెనక, చర్మం బొబ్బలెక్కి ఉంది. చెమటలో తడిసిన సిమెంటు అసలే చర్మాన్ని తింటుంది. దానికి ఈ వేడి తోడయింది.

శెట్టిగారు చూశారు. తరువాత మళ్ళీ వ్యాపారంలోకి వచ్చారు.

"సరి, వేడే అనుకో. నేనేం చెయ్యాల? పక్క గోడౌన్లోవాళ్ళు గోనెపట్టా కప్పుకుని దించతా ఉండారు గదా. నాకు బండి ఖాళీ కావాల. సోమవారం మీ బండి చల్లగా వస్తే వీళ్ళు దించనీ. కాలతా ఉంటే ఆ కొత్త సెట్టు వచ్చి దించతాది. నేను చెప్పి పెట్టేసినా."

"అంటే మా పని ఈ సార్ చేతిలో ఉండాదా?" అన్నాడు ఏసుపాదం. వెటకారం కాదు. తెలుసుకోవడానికే అడిగాడు.

వేడి ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేకపోయింది. మిల్లులో రాపిడికి సిమెంటు ఎప్పుడూ వేడిగానే వస్తుంది. పాత పద్ధతిలో బస్తాలు షెడ్డులో ఒకటి రెండు రోజులు ఉండేవి, గాలికి చల్లారేవి. వాటిని చల్లార్చాలని ఎవరూ పెట్టలేదు. లారీ రాలేదు కాబట్టి ఉండేవి. డైరెక్ట్ లోడింగ్ వచ్చాక ఆ ఆగడం పోయింది. దానికి తోడు వేసవిలో అమ్మకాలు ఎక్కువ. సైలో నిండే లోపే ఖాళీ అవుతుంది. మిల్లులోంచి వచ్చిన సిమెంటు అదే రోజు లారీలో ఉంటుంది. తొండియార్‌పేట ఎంతో దూరం కాదు కాబట్టి దారిలోనూ చల్లారదు.

సెల్వం సార్ గదిలో లారీల జాడ చూపే పెద్ద తెర ఉంటుంది. ఒక్కో లారీ ఒక్కో పచ్చ చుక్క. నేను విషయమంతా చెప్పాను. మేము మాట్లాడుకునేది తమిళంలోనే.

"ఇప్పుడేమంటావు? సిమెంటుకు ఏసీ గది కట్టిద్దామా?" అన్నారు.

"షెడ్డులో ముందుగా పేర్చి, ఊళ్ళోని గోడౌన్లకు పోయే లారీలు దాంట్లోంచి నింపుదాం సార్."

"ఆ షెడ్డులో మెకానికల్ వాళ్ళ పాత గేర్‌బాక్సులున్నాయి. మళ్ళీ రెండు మోతలు. లారీ లోపల ఎక్కువసేపు ఉంటుంది. హెడ్ ఆఫీసుకు జవాబు నువ్వు చెప్తావా?"

నేను తెర వైపు చూపించాను. "సార్, పొద్దున మన గేటు దాటిన శెట్టిగారి లారీ ఎక్కడుంది?"

ఆ చుక్క తొండియార్‌పేటలోనే ఉంది. సాయంత్రం కావస్తోంది.

"మన గడియారం గేటు దగ్గర ఆగిపోతుంది సార్. లారీ ఆగలేదా? అక్కడ ఆగింది. మధ్యాహ్నం స్లాటుకు రావలసిన లారీ అదే. మనం తగ్గించిన సమయం శెట్టిగారి గోడౌను ముందు నిలబడి ఉంది."

ఆయన ఆ చుక్కను చాలాసేపు చూశారు. గోడ మీది గ్రాఫు వైపు మాత్రం చూడలేదు. "ఒక్క లోడు. సోమవారం. అదీ వేడిగా పోతే ఈ మాట మళ్ళీ ఎత్తకు" అన్నారు.

శనివారం గేర్‌బాక్సులు తీయించడంతోనే సగం రోజు పోయింది. ప్యాకింగ్ ఫోర్‌మన్ ప్రతి గేర్‌బాక్సుకూ నా పేరు తలచుకున్నాడు. బస్తాలను గుట్టగా వేయకుండా వరసకూ వరసకూ మధ్య గాలి ఆడేటంత సందు వదిలి పేర్పించాను. రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టించాను. ఆదివారం వచ్చి ప్రోబ్ గుచ్చి చూసి, నాకు నమ్మకం కలగక ఇంకో నాలుగు బస్తాలు గుచ్చి చూసి వెళ్ళాను.

సోమవారం లారీ కంటే ముందే గోడౌనుకు చేరాను. రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గర కొత్త సెట్టు కూర్చుని ఉంది. ఇవతల ఏసుపాదం జట్టు నిలబడి ఉంది. ప్రకాశం కనబడలేదు. రెండు జట్లూ ఒకరినొకరు చూడనట్టే ఉన్నారు. శెట్టిగారు కుర్చీ బయట వేయించుకున్నారు.

లారీ వచ్చింది. మొదటి వరస దిగింది, రెండోది దిగింది. అప్పుడు ఏసుపాదం తానే లారీ ఎక్కాడు. మూడో వరసలో రెండు మూటల మధ్య అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. అవతలి సెట్టులో ఒకతను లేచి నిలబడ్డాడు. నా చేతిలో ప్రోబ్ ఉంది కానీ నేను కదలలేదు.

"ఏమప్పా, నాడి చూస్తా ఉండావా?" అన్నారు శెట్టిగారు.

"ఆఁ మొదలాళీ. సిమెంటుకి జొరం తగ్గింది" అన్నాడు ఏసుపాదం. చెయ్యి తీసి కిందికి చూశాడు. "ఎత్తండిరా."

తరువాత నేను గుచ్చి చూస్తే యాభై లోపే ఉంది. చల్లగా ఉందని చెప్పలేను, మెడ మీద ఆనించుకోగలిగేలా ఉంది. పదకొండు కాకముందే లారీ ఖాళీ అయింది. శెట్టిగారు రోడ్డు దాటి వెళ్ళి, కొత్త సెట్టు తాగిన టీలకు డబ్బులిచ్చి వాళ్ళను పంపించేశారు. తిరిగొచ్చి ఏసుపాదంతో క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. "ఇంకా ఈడేం చేస్తా ఉండావు? పోయి అందరూ తిని రండి. మధ్యాన్నం ఇనుము వస్తా ఉండాది" అన్నారు.

ప్రకాశం ఎక్కడని అడిగాను. మెడ మానకముందే దగ్గర్లోని కంటైనర్ యార్డులో వాచ్‌మన్‌గా చేరిపోయాడట. "ఇంక మూట ఎత్తనన్నాడు సార్. ఆడ కుర్చీ ఇచ్చారంట" అన్నాడు ఏసుపాదం. జట్టు నిలిచింది, ఆ ఒక్క మనిషి తిరిగి రాలేదు.

ఆ తరువాత మూడు మార్పులు జరిగాయి. ఊళ్ళోని గోడౌన్లకు షెడ్డు సరుకే పోవాలి. ప్యాకర్ దగ్గర వేడి హద్దు దాటితే డైరెక్ట్ లోడింగ్ ఆపాలి. మూడోది మేము ఊహించనిది: మిల్లులో సిమెంటును చల్లబరచడానికి నీళ్ళు చిమ్మే నాజిల్స్ కొన్ని పూడుకుపోయి ఉన్నాయని ఈ గొడవలోనే బయటపడింది. అవి బాగుచేశారు. పక్క గోడౌన్లవాళ్ళను అడిగితే తమ బస్తాలూ కాలుతూనే ఉండేవని చెప్పారు. మరి ఫిర్యాదు ఎందుకు చేయలేదంటే, గోనెపట్టా ఉంది కదా అన్నారు. మా టర్న్ అరౌండ్ టైమ్ పెరిగింది. సెల్వం సార్ ఆ ఫ్రేము తీయలేదు కానీ, దాని కింద ఇంకో గ్రాఫు తగిలించారు. లారీ మా గేటు దాటి, గోడౌనులో ఖాళీ అయ్యేదాకా పట్టే సమయం అది.

కాలేజీలో మాకు ఎదురుచూపంతా వృథా అని నేర్పారు. ఎక్కడ సరుకు ఆగి ఉంటే అక్కడ నష్టం, తీసేయండి అని. ఇప్పుడు ఏదైనా ఆగి ఉన్న సరుకు కనిపిస్తే, దాన్ని కదిలించే ముందు, ఆగి ఉన్నంతసేపూ దానికి ఏం జరుగుతోందో అడుగుతాను. ఇక కొత్తగా చేరినవాళ్ళు టర్న్ అరౌండ్ టైమ్ ఎక్కడిదాకా లెక్కపెట్టాలని అడిగితే, గేటు దాకా అని చెప్పను. ఒకరోజు తొండియార్‌పేట తీసుకెళ్ళి, లారీ ఎక్కించి, మూడో వరసలో చెయ్యి పెట్టమంటాను.